బావకంటె ముందుగాల

మస్కట్‌ల మా క్యాంపు ఎనుక ఉన్న రాళ్లగుట్టలను మావోళ్లల్ల అందరికంటె ముందు ఎక్కింది నేనే. ఈ మాట నేను చెప్పుకోకపోతే ఇంకెవ్వరు చెప్పరు. అందుకే మొదటగాల్నే చెప్తున్న.

మాది కరీంనగర్ దిక్కు ఒక చిన్న పట్నం. బాపు సాంచాల మీద బట్ట నేసేటోడు, అవ్వ కండెలు చుట్టేది. పొద్దుందాక ఇంట్ల సాంచాల చప్పుడే. పక్కనున్నోనికి ఏమన్న చెప్పాలంటె చెవుల నోరు పెట్టి ఒర్రాలె. ఆ పని నాకు అబ్బలే. డ్రైవింగ్ నేర్చుకొని మస్కట్ పోయిన. ఇండ్లు కట్టే కంపెనీల పికప్ బండి నడుపుడు నా పని. శుక్రారం సెలవు. ఆ దినం అందరు బట్టలు పిండుకుంటరు, ఇంటికి ఫోన్లు చేసుకుంటరు, మిగిలిన పొద్దంత పండుకుంటరు. నాకు ఆ రూముల ఊపిరాడకపోయేది. ఒక శుక్రారం తెల్లారంగనే రెండు నీళ్ల సీసాలు పట్టుకొని ఎనుక గుట్ట దిక్కు నడిచిన.

ఆ గుట్టలు మన దిక్కు గుట్టల లెక్క ఉండవు. చెట్టు లేదు, గడ్డి లేదు. ఎండకు కాలి, పగిలి, పొరలు పొరలుగ లేసిన రాయి. చెయ్యి పెడితే కోసుకపోతది. గట్టిదనుకొని కాలు పెట్టిన బండ కదులుతది, ఆసరకు పట్టుకున్న రాయి ఊడి చేతికొస్తది. రెండడుగులు ఎక్కితే కంకర మీద ఒక అడుగు కిందికి జారుతం. సైట్ మీద ఏసుకునే బరువు బూట్లతోనే ఎక్కిన. ఆఖరుకు కొనకు చేరినంక ఒక దిక్కు సముద్రం, ఇంకో దిక్కు గుట్ట ఎనుక గుట్ట. గాలి తప్ప ఏ చప్పుడు లేదు. పుట్టినకాంచి సాంచాల చప్పుడుల పెరిగిన నాకు అట్లాంటి జాగల నిలవడుడు అదే మొదటిసారి. గంటసేపు కూసున్న. కిందికి దిగంగ చేతులు నెత్తురు కారుతున్నయ్, మనసు మాత్రం దూదిలెక్క తేలికైంది.

రెండేండ్లు ఒక్కన్నే తిరిగిన. నీళ్ల సీసాలను రాత్రి గడ్డకట్టించి పొద్దున కొంచపోతే పగటిదాక సల్లగుంటయని తెలుసుకున్న. ముందు పోయినోళ్లు తొవ్వ తెల్వడానికి రాయి మీద రాయి పేర్చి పెడ్తరు, అవి చూసుకుంట పోతే దారి తప్పమని తెలుసుకున్న. ఫొటోలు తీసిన కాని ఇంటికి పంపలే. పంపితే అవ్వ పరేషాన్ అయితది. ఆ గుట్టలు నా ఒక్కనియే అనిపించేది.

గప్పుడు బావ వచ్చిండు.

మా అక్కను ఇచ్చోడ దిక్కు ఊరికిచ్చినం. వ్యవసాయం చేసుకునే ఇల్లు. రెండేండ్లు వరసగ పత్తి దెబ్బతినేసరికి బావ గల్ఫ్ పోదామనుకున్నడు. నేనే కంపెనీల మాట్లాడి, హెల్పర్ పనికి పిలిపించిన. వచ్చిన మొదటి శుక్రారమే, "రా బావా, నీకొకటి చూపెడ్త" అని గుట్టకు తోలుకపోయిన. నా జాగను ఒకరికి చూపెట్టాలని అంత ఉషారు నాకు ముందెన్నడు రాలే.

గుట్ట మొదట్ల, "జర పైలం బావా, ఈ రాయి మన రాయి లెక్క కాదు. నేను కాలు పెట్టినకాడనే పెట్టు" అన్న. బావ తలకాయ ఊపిండు. పది నిమిషాలు నా ఎనుక ఒద్దికగ వచ్చిండు. నిలువు బండ వచ్చినకాడ నేను ఎట్ల పోవాల్నా అని చూస్తుంటే, "చల్ భావూ" అనుకుంట నా పక్కకెళ్లి పోయిండు. వాళ్ల దిక్కు మాటల్ల మరాఠీ కలుస్తది, భావూ అంటె తమ్మీ అన్నట్టు. కాళ్లకు రబ్బరు చెప్పులు. వాటిని ఇడిచి నడుముల చెక్కుకున్నడు. ఏళ్లతోని రాయిని రెండుసార్లు కొట్టి చూసిండు, కుండ కొనేటోళ్లు కొట్టి చూసినట్టు. చప్పుడు బోలుగ వస్తే ఇడిచిపెట్టుడు, గట్టిగ వస్తే పట్టుకొని లేసుడు. నేను సగం ఎక్కేటాల్లకు కొనమీద నిలవడి చెయ్యి ఊపుతున్నడు.

"ఎక్కడ నేర్చినవ్ బావా?" అన్న, రొప్పుకుంట.

"నేర్చుడేంది? చిన్నప్పుడు ఎడ్లు, మేకలు మేపంగ ఎక్కకపోతె అవి ఊకుంటయా?" అని నవ్విండు.

నేను కూడ నవ్విన. కాని ఆ దినం కొనమీద ఎప్పటిలెక్క కూసోబుద్ధి కాలే. ఎండ ముదురుతున్నదని చెప్పి జల్ది దిగిపిచ్చిన. రెండేండ్లల్ల నేను సంపాయించుకున్నది ఆయన పుట్టుకతోనే తెచ్చుకున్నడని, గుండెల ఎక్కడ్నో ఒక ముల్లు ఇరిగింది.

తర్వాత ముల్లు లోపలికే పోయింది గని బయటికి రాలే. బావ సంగతి క్యాంపుల తెలిసింది. శుక్రారం శుక్రారం ఒకలు, ఇద్దరు, ఆరుగురు మా ఎంబడి వచ్చుడు మొదలువెట్టిన్రు. వాళ్లల్ల ఒకడు బావ నిలువు బండ ఎక్కంగ ఫోన్ల వీడియో తీసి ఇంటికి పంపిండు. అది తిరిగి తిరిగి మా ఊరికి చేరింది. అవ్వ ఫోన్ చేసింది.

"ఏమ్రా, మీ బావ గంత పెద్ద బండ ఎక్కిండట! మన ఆడకట్టోళ్లందరు చూసిన్రు. కోతిలెక్క ఎక్కుతుండు అని ఒక్కటే నవ్వుడు. నువ్వు గూడ పోతవారా ఆయనతోటి?"

"నేనే తోలుకపోతున్ననే అవ్వా. రెండేండ్ల సంది నేను ఎక్కుతున్న."

"అవునా? మరి ఎన్నడు చెప్పకపోతివి" అని, మల్ల ఎంబడే, "బావను ఇడిచి ఒక్కనివి దూరం పోకు కొడుకా, ఆయన ఎంబడే ఉండు" అన్నది. అవ్వకు నా మీద ప్రేమ. నాకు మాత్రం అది సూదిలెక్క దిగింది.

ఇంకోసారి గుట్ట మీద పెద్ద వయసు తెల్లదొర ఒకాయన కలిసిండు. తాళ్లు, మంచి బూట్లు, అన్ని ఉన్నయ్ ఆయనకాడ. బావ ఉత్తకాళ్లతోని దిగొచ్చుడు చూసి నోరు తెరిచిండు. దగ్గరికొచ్చి చెయ్యి కలిపి ఇంగ్లీషుల ఏందో అడిగిండు. బావకు ఇంగ్లీషు రాదు, నాకు జరంత వచ్చు. బావను పొగిడే మాటలు నా నోటితోనే తెలుగుల చెప్పాల్సి వచ్చింది.

"ఇంత మంచిగ ఎక్కేటోన్ని నువ్వు ఈడ చూడలేదంటుండు. ఎవలు నేర్పిన్రని అడుగుతుండు."

తప్పు చెప్పిన. 'నేను ఈడ చూడలే' అన్నది ఆయన మాట. నా నాలుక తడబడి 'నువ్వు' అన్న. బావ నన్ను చూపించి, "ఈ గుట్టలు నాకు చూపిచ్చింది మా బామ్మర్ది అని చెప్పు" అన్నడు. అది నా గురించి నేనే ఎట్ల చెప్పుకోవాలె? చెప్పుకుంటే గొప్పలు పోయినట్టు, చెప్పకపోతే నేను లేనట్టు. "థాంక్యూ సర్" అని ఊకున్న. రెండు వారాలకు ఆ దొర మల్ల కలిసి, బావకు గుట్టలెక్కే బూట్లు ఒక జత ఇచ్చి పోయిండు. బావకు అవి ఇరుకైనయ్. "నీకు వస్తయేమో చూడు బామ్మర్ది" అన్నడు. నాకు సక్కగ సరిపోతయని చూడంగనే తెలిసింది. "వద్దు, నాకున్నయ్" అన్న.

ఇగ ఆ పెద్ద గుట్ట సంగతి చెప్పాలె.

చలికాలం. క్యాంపుకు గంటన్నర దూరంల ఒక గుట్ట ఉన్నది, ఎక్కుడుకే నాలుగు గంటలు పడ్తది. ముందటి శుక్రారం బావకు ఓవర్‌టైం పడ్డది. నేను ఒక్కన్నే పోయి తొవ్వ చూసుకొని వచ్చిన. కింద ఎండిన వాగు. వాగుల నుంచి ఒక ఇరుకు సందు పైకి పోతది. ఆ సందు సగం ఎక్కినంక తొవ్వ ఎడమకు మలిగి పెద్ద సాపు బండ మీదికి పోతది. మలుపుకాడ మూడు చోట్ల రాళ్లు పేర్చి ఉన్నయ్. అవి చూడకుండ సందులనే సీదా పోతే పైన అడ్డంగ నిలువుబండ వస్తది, ముందుకు పోరాదు. ఇదంత మనసుల రాసుకొని వచ్చిన. ఈసారి నేను ముందు ఎక్కాలె, బావ నా ఎనుక రావాలె. వారమంత అదే ధ్యాస.

ఆ శుక్రారం ఎనిమిది మందిమి పోయినం, ఒకడు బండి కాడనే ఆగిండు. వాళ్లల్ల జగిత్యాల దిక్కు మేస్త్రీ ఒకాయన ఉండె. ఏబై దాటినయ్. మేమందరం కాక అంటుంటిమి. "నన్నొక్కసారి తోలుకపోండ్రా, మల్ల దేశం పోయినంక ఏ గుట్ట ఎక్కుత?" అని బతిలాడితే తీసుకుపోయినం. కాకకు నేనే చెప్పిన: "నువ్వు మెల్లగ రా కాకా. ఆగమాగం కావద్దు. పేర్చిన రాళ్లు కనవడ్తయ్, గవి చూసుకుంట వస్తే తప్పిపోవు."

"నేను ముందుపోయి తొవ్వ చూస్త" అని అందరికంటె ముందు నడిచిన. మలుపుకాడికి పోయేసరికి ఎనుక బావ గొంతు ఇనవడ్తున్నది, దగ్గరికొస్తున్నది. ఇంక అయిదు నిమిషాలల్ల నన్ను దాటిపోతడు. ఆ మూడు కుప్పలను చూసిన. ముందుగాల అనుకొని చేసింది కాదు, కాని తెల్వక చేసింది గూడ కాదు. ఒక్కొక్క కుప్పను కాలితోని తన్ని, రాళ్లను దూరం ఇసిరేసిన. ఎడమకు మలిగి బండ చాటుకు పోయిన.

ఊపిరి ఆగేటట్టు ఎక్కిన. మోకాలు చీరుకపోయింది, ఆగలే. బావ అక్కడ నిలువుబండ కింద నిలవడి తలకాయ గోక్కుంటుంటడని తలుసుకుంటే లోపల ఎంత తీపిగ ఉన్నదో చెప్పుకుంటే సిగ్గు. ఆఖరి బండ మీద చేతులు పెట్టి తల లేపి చూసిన.

బావ కొనమీద కూసొని ఖర్జూరపండ్లు తింటున్నడు.

"ఏంది ఆలస్యమైంది బామ్మర్ది? దా, కూసో" అని రెండు పండ్లు ఇచ్చిండు. మాటల ఎత్తిపొడుపు లేదు. ఎవ్వరు ఎక్కలేని నిలువుబండను ఎక్కి సీదా వచ్చిండు. తక్కినోళ్లు దాని కిందనే నీడకు ఆగిపోయిన్రట. ఆ పండ్లు నోట్లె మట్టిలెక్క ఉన్నయ్. ఉమ్మలేక మింగిన.

దిగి బండి కాడికి వచ్చేసరికి పగలు రెండు దాటింది. కాక లేడు. అలసిపోయి కిందనే ఆగిండని మేము, పైన మాతోని ఉన్నడని బండి కాడ ఆగినోడు, ఎవలకు వాళ్లం అనుకున్నం. కాక ఫోన్ కలుస్తలేదు. చలికాలమైనా పగటెండకు రాళ్లు సెగలు కక్కుతున్నయ్. కాక దగ్గర ఉన్నది ఒకటే సీసా.

"తలా ఒక దిక్కు పోదాం" అన్నడు బావ.

నేను ఎవ్వరి మాట ఇనలే. ఆయన ఏడ తప్పిండో నాకే ఎరుక. పేర్చిన రాళ్లు చూసుకుంట రమ్మన్నది నేను, రాళ్లు లేకుండ చేసింది నేను. సందు ఎంబడి ఉరికిన. కుప్పలున్న జాగకు కొంచెం కింద కుడి దిక్కు ఇంకొక సందు తెరుచుకుంటది. రాళ్లు దొరకక ఆయన ఎనుకకు దిగుకుంట అండ్లకు మలిగి ఉంటడు. మలిగిన. ఒర్రిన. ఒక బండ నీడల కాక కనవడ్డడు. కంకర మీద జారి పడ్డడట, కాలి మడమ పొంగి గుండు లెక్క ఉన్నది. పెదవులు తెల్లగయినయ్. నన్ను చూసి ఏడ్వనీకె కండ్లల్ల నీళ్లు లేవు ఆయనకు.

సీసా నోటికి పెట్టిన. రెండు గుక్కలు తాగి నా చెయ్యి పట్టుకున్నడు. "రాళ్ల కోసం చూసిన కొడుకా, ఎక్కడ లేవురా. నాకే కండ్లు కనవడలేదనుకున్న" అన్నడు.

సీసా మల్ల ఆయన నోటికి పెట్టిన.

బావ వచ్చిండు. తువాల జోలెగట్టి కాకను ఈపు మీద ఎక్కించుకొని, ఆ జారుడు రాళ్ల మీద కింది దాక మోసుకొచ్చిండు. కాని అందరు మాట్లాడింది నా గురించే. "తలా ఒక దిక్కు అంటే ఇనకుండ సీదా ఆడికే ఉరికిండు చూడు, దేవుడే చెప్పిండు వానికి." కాక దవాఖానల పండుకొని వచ్చినోనికల్ల చెప్పిండు. ముచ్చట ఇంటిదాక పోయింది. అవ్వ ఫోన్ల ఏడ్సుకుంట, "నా కొడుకు ఒక పాణం కాపాడిండు" అన్నది. అక్క తన ఫోన్ల నా ఫొటో పెట్టింది. ఏడాది సంది దేనికోసం కడుపు మండుతున్నదో అదంత ఒక్క దినంల నా కాళ్లకాడికి వచ్చి పడ్డది. ఆ వారం సంది గుట్టలకు పోవుడు ఇడిచిపెట్టిన.

బావ మరుసటి ఏడు ఇంటికి వచ్చిండు. నేను ఇంకో ఏడాదికి వచ్చిన. ఇప్పుడు కరీంనగర్‌ల స్కూలు బస్సు నడుపుతున్న. బావ చేను చేసుకుంటున్నడు. ఐతారం వస్తే శ్రీరాంపూర్ బొగ్గుబాయిల పనిచేసేటోళ్లు, కరీంనగర్ కాలేజీ పిల్లలు వస్తే జైనూర్ దిక్కు గుట్టలు ఎక్కిస్తున్నడు.

పోయిన ఎండకాలం కాక మనుమరాలి పెండ్లి అయింది. నన్ను, బావను పిలిచిండు. కాక ఇప్పటికీ జర కుంటుతడు. నన్ను ముందట కుర్చీల కూసోబెట్టి, కొత్త తువాల కప్పి, చుట్టాలందరికి మస్కట్ ముచ్చట మొదటికెల్లి చెప్పిండు. "వీడు లేకపోతె నేను ఈ పెండ్లి చూడకపోదును" అన్నడు. చప్పట్లు కొట్టిన్రు. తల తిప్పితే ఎనుక వరసల బావ, అందరితోపాటు చప్పట్లు కొడ్తున్నడు. ఆయన మొకంల ఏ కుళ్లు లేదు. అది చూసి నాకు ఆయన మీద మల్ల అసూయ పుట్టింది. నాకు లేని ఆ నిమ్మళం ఆయనకు ఎట్లొచ్చింది? బువ్వ తినకుండనే వచ్చేసిన.

తర్వాతి ఐతారం బావ ఇంటికి పోయిన. ఇద్దరమే జైనూర్ అవతల ఒక గుట్ట ఎక్కినం. టేకాకులు రాలి కాళ్ల కింద పరపర అంటున్నయ్. కొనకు పోయినంక చెప్పిన. రాళ్లు తన్నింది, ఎందుకు తన్నింది, అంత.

"తెల్సు" అన్నడు బావ.

"ఎట్ల తెల్సు?"

"గాలికి పడ్డ రాళ్లు కుప్ప మొదట్లనే పడ్తయ్ బామ్మర్ది. గవి ఇసిరేసి ఉండె. నీ బూటు గీత గూడ ఉండె. పోటీ వడ్తున్నడు పోనీ అని నవ్వుకుంట నిలువుబండ ఎక్కిన."

"మరి కాక తప్పిపోయినప్పుడు?"

"గప్పుడు నవ్వలే. నిన్ను ఈడ్చి కొడ్దామనుకున్న. నువ్వు పాణం ఇడిచి ఆడికే ఉరుకుడు చూసి ఊకున్న." టేకాకు ఒకటి తీసి చింపుకుంట, "నేను గూడ తప్పు చేసిన. రాళ్లు లేవని చూసి గూడ మల్ల పేర్చకుండ పోయిన. కాక ఎనుకొస్తుండని యాదికి లేకుండె" అన్నడు.

ఆ మాట నన్ను ఇంక చిన్నగ చేసింది. నా తప్పుల గూడ ఆయన వాటా తీసుకుంటున్నడు.

"ఇప్పుడేం చెయ్యాలె బావా?"

"నాకెందుకు చెప్తవ్? కాకకు చెప్పు."

"చెప్తే ఏమైతది?"

"ఏమైతదో నాకేం ఎరుక?"

మూడు వారాలు ఆగి పోయిన. కాక వాకిట్ల మంచం మీద కూసొని ఉండె. నన్ను చూసి, "చాయ పెట్టుండ్రి, నా కొడుకు వచ్చిండు" అని ఇంట్లకు ఒర్రిండు. చాయ రాకముందే చెప్పేసిన. తాగినంక చెప్పుడు న్యాయం కాదనిపించింది. కాక ఆఖరుదాక ఇన్నడు. కోపం చెయ్యలే. తన కాలు దిక్కు చూసుకున్నడు.

"నా కండ్లు మంచిగనే ఉండెనన్నట్టు" అన్నడు. మడమ రుద్దుకుంట, "నా మనుమరాలి పెండ్లిల అందరికి నీ కథే చెప్పిన కదరా" అన్నడు.

లేసి కుంటుకుంట ఇంట్లకు పోయిండు. కాక పెండ్లాము, మా కాకి, చాయ తెచ్చి పెట్టింది. ఆమెకు ఏం తెల్వదు, "తాగు బిడ్డా" అన్నది. కాక మల్ల బయటికి రాలే. చాయ తాగకుండనే బస్టాండుకు నడిచిన.

అప్పటిసంది ఆయన నాకు ఫోన్ చెయ్యలే. నేను రెండుసార్లు చేస్తే కాకి ఎత్తి, "పండుకున్నడు" అన్నది. చెప్పినందుకు మనసు నిమ్మళమైందా అంటే, సగం అయింది. మిగిలిన సగం ఇంకో తీరుగ కాలుతున్నది.

మొన్న ఐతారం బావ రమ్మంటే పోయిన. పదిహేను మంది పిల్లలను గుట్ట ఎక్కిస్తున్నడు. సగంల నీళ్లకు ఆగినం. బావ ఫోన్ మోగింది. "ఆఁ కాకా, చెప్పు" అన్నడు. కాక వారం వారం ఆయనకు ఫోన్ చేస్తడని అక్క చెప్పింది గని నేను నమ్మలే. పత్తి గురించి, వానల గురించి, కాలి నొప్పి గురించి మాట్లాడుకున్నరు. బావ రెండుసార్లు నవ్విండు. నేను అయిదడుగుల దూరంల వంగి బూటు తాడు ఇప్పుకుంట, మల్ల కట్టుకుంట, నా ముచ్చట వస్తదేమోనని చెవి పెట్టి ఇన్న.

రాలే. బావ ఫోన్ జేబుల పెట్టుకొని, "చల్ భావూ" అని లేసిండు. పిల్లలందరు ఆయన ఎనుక నడిచిన్రు.